కళ్లజోడుతో మెల్లకన్ను ఎలా సర్దుకుంటుంది? దూరం, లోతు తెలియడానికీ దీనికీ ఏమిటి సంబంధం?

సుధారాణి
జనవరి 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బాబుకి నాలుగున్నరేళ్లు. రెండు నెలలుగా వాడి కుడికన్ను అప్పుడప్పుడు ముక్కు వైపు తిరుగుతోంది. మొదట నిద్రమత్తేమో అనుకున్నాం. బొమ్మల పుస్తకం దగ్గరగా పెట్టుకున్నప్పుడల్లా తిరుగుతోందని గమనించాక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. కంట్లో చుక్కలు వేసి, కనుపాపలు పెద్దవయ్యాక పరీక్ష చేసి, రెండు కళ్లకీ ప్లస్ 4.5 పవర్ ఉందన్నారు. ఆపరేషన్ ఇప్పుడేమీ వద్దు, నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా కళ్లజోడు పెట్టండి, కన్ను సర్దుకుంటుంది అన్నారు.

నిజంగానే జోడు పెడితే రెండు కళ్లూ తిన్నగా ఉంటున్నాయి. తీసిన నిమిషంలో కుడికన్ను మళ్లీ లోపలికి వెళ్తోంది. మా ఆయన అడుగుతున్నారు: అద్దాలు బొమ్మ స్పష్టంగా కనపడడానికి కదా, కన్ను పక్కకి తిరగడం కండరాల సంగతి కదా, అద్దం కండరాన్ని ఎలా ఆపుతుంది అని. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి. వాడు స్కెచ్ పెన్నుకి మూత పెట్టబోతే మూత పెన్ను పక్కనుంచి వెళ్లిపోతుంది. రెండోసారి వేలితో పెన్ను కొసని తడిమి పెడతాడు. బంతి విసిరితే అది ఛాతీకి తగిలాక చేతులు మూస్తాడు. లోతు తెలియడం ఇంకా రాలేదు, చూద్దాం అన్నారు డాక్టర్. ఫోకస్, కళ్లు తిన్నగా ఉండడం, లోతు... ఈ మూడింటికీ ముడి ఎక్కడుందో ఎవరైనా అర్థమయ్యేలా చెప్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

రవళి_ఆప్టోమ్
జనవరి 8, రాత్రి 10:25

సుధారాణి గారూ, నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసేదాన్ని. బాబుని చూడకుండా వాడి సంగతి చెప్పలేను, మీ డాక్టర్ మాటే మీకు ప్రమాణం. కానీ మీవారి ప్రశ్నకి జవాబుంది.

మన కంటి లోపలి లెన్స్ చుట్టూ సన్నటి కండరం ఒకటి వలయంలా ఉంటుంది. దగ్గరి వస్తువుని చూడాలంటే అది బిగుస్తుంది. అప్పుడు లెన్స్‌ని పట్టి ఉంచే పోగులు వదులై, లెన్స్ ఉబ్బి, పవర్ పెరుగుతుంది. ఇదే ఫోకస్ చేయడం. దగ్గరి వస్తువుని చూసేటప్పుడు ఇంకో పని కూడా జరగాలి, రెండు కళ్లూ ముక్కు వైపు తిరగాలి. కనుపాప కూడా కాస్త చిన్నదవుతుంది. ఈ మూడూ ఒకే కాడికి కట్టినట్టు కలిసి నడుస్తాయి. మెదడు ఫోకస్‌కి ఆజ్ఞ ఇస్తే, కళ్లు లోపలికి తిరగమనే ఆజ్ఞ కూడా దాని వెంటే పోతుంది.

ఇప్పుడు ప్లస్ పవర్ ఉన్న కన్ను సంగతి. ఆ కన్ను దూరంగా ఉన్నదాన్ని చూడాలన్నా ఫోకస్ చేయాల్సిందే. ప్లస్ 4.5 అంటే, మామూలు కన్ను 22 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవడానికి ఎంత కష్టపడుతుందో, మీ బాబు కన్ను ఎదురింటి గోడని చూడడానికే అంత కష్టపడుతుంది. పుస్తకం పట్టుకుంటే ఆ పైన ఇంకా. పసివాళ్ల లెన్స్ మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ పని చేసేస్తుంది, బొమ్మ స్పష్టంగానే కనపడుతుంది. కానీ కాడికి కట్టిన రెండో ఎద్దు ఊరుకోదు కదా. ఒక డయాప్టర్ (లెన్స్ పవర్‌కి కొలత) ఫోకస్‌కి సగటున 4 ప్రిజం డయాప్టర్ల (కన్ను తిరుగుడుకి కొలత) చొప్పున కళ్లు లోపలికి లాగబడతాయి. 4.5కి 18, అంటే 10 డిగ్రీల పైమాటే. దూరపు వస్తువుకి ఆ తిరుగుడు అక్కర్లేదు. మెదడు ఒక కన్నుని వస్తువు మీద నిలబెట్టుకుంటుంది, అదనంగా ఉన్నదంతా రెండో కంట్లో బయటపడుతుంది. మీకు కుడికన్ను తిరిగినట్టు కనపడేది అందుకే.

కళ్లజోడు ఆ 4.5 పనిని తాను తీసుకుంటుంది. ఫోకస్ చేసే శ్రమ తగ్గితే లోపలికి లాగే ఆజ్ఞా తగ్గుతుంది. అద్దం కండరాన్ని పట్టుకోవడం లేదు, కండరానికి వెళ్లే ఆజ్ఞని రాకుండా చేస్తోంది.

ఒక మాట ముందే చెప్తాను. కొన్ని వారాలు పోయాక, జోడు తీసినప్పుడు కన్ను మునుపటికంటే ఎక్కువ తిరిగినట్టు కనపడవచ్చు. అద్దాల వల్లే పాడైందని భయపడి మానేసే తల్లిదండ్రులు నాకు తరచూ ఎదురవుతారు. మానేయకండి, డాక్టర్‌కి చెప్పండి.

సుధారాణి
జనవరి 8, రాత్రి 10:52

రవళి గారూ, మావారికి చదివి వినిపించాను. "ఆజ్ఞ రాకుండా చేస్తోంది" అన్న మాట దగ్గర ఆగి మళ్లీ చదవమన్నారు. చాలా థ్యాంక్స్ అండీ. మరి లోతు సంగతి?

కిషోర్_షటిల్
జనవరి 9, ఉదయం 7:15

ఇది చదివి పొద్దున్నే ఒక కన్ను మూసుకుని పెన్ను మూత ప్రయత్నం చేశాను. చేయి చాపి, మూతని పక్కనుంచి అడ్డంగా తెచ్చి పెట్టాలి. అయిదింటిలో మూడుసార్లు తప్పింది! రెండు కళ్లతో ఒక్కసారి కూడా తప్పలేదు. నేను ఇరవై ఏళ్లుగా షటిల్ ఆడుతున్నాను, దూరం అంచనాలో తిరుగులేదనుకునేవాణ్ణి.

నా ప్రశ్న: కళ్లు ఎంత లోపలికి తిరిగాయో మెదడుకి తెలుసు కదా. దాన్నిబట్టే దూరం లెక్క కట్టేస్తుందా?

లెక్కల_మాస్టారు
జనవరి 9, ఉదయం 11:30

కిషోర్, నీ ప్రశ్న చాలా పాతది. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ 1637లోనే దీన్ని ఊహించాడు. చూపులేని మనిషి రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, వాటి కొసలు కలిసిన చోటుని చేతుల కోణాన్నిబట్టి చెప్పగలిగినట్టే, రెండు కళ్ల చూపులు కలిసే కోణాన్నిబట్టి మనసు దూరాన్ని తెలుసుకుంటుందన్నాడు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం తెలిసిపోతుంది. ఆ భుజమే కనుపాపల మధ్య దూరం, పెద్దవాళ్లకి సగటున 63 మిల్లీమీటర్లు.

లెక్క చేసి చూద్దాం. 25 సెంటీమీటర్ల దూరంలో వస్తువుని చూస్తే రెండు చూపుల మధ్య కోణం 14 డిగ్రీల పైన. 50 సెంటీమీటర్లకి 7 డిగ్రీలు. మీటరుకి 3.6, రెండు మీటర్లకి 1.8. ఆరు మీటర్లకి 0.6 డిగ్రీలే. చేతికందే దూరంలో కోణం గబగబా మారిపోతుంది. ఆరు మీటర్లు దాటాక, అక్కణ్ణుంచి ఆకాశందాకా మిగిలిన ప్రపంచమంతా కలిపి 0.6 డిగ్రీల్లో సర్దుకోవాలి.

ఫోకస్‌దీ ఇదే తీరు. 25 సెంటీమీటర్లకి 4 డయాప్టర్లు, 50కి 2, మీటరుకి 1, రెండు మీటర్లకి అర. మామూలు వెలుతురులో డయాప్టర్‌లో మూడో వంతు అటూ ఇటూ అయినా మనకి మసక తెలియదు. కాబట్టి మూడు మీటర్లు దాటితే ఫోకస్ కండరం చెప్పగలిగింది దాదాపు శూన్యం. రెండింటి గ్రాఫూ ఒకటే ఆకారం, దూరానికి విలోమం. ప్రకృతి ఈ రెండు పనులనీ ఒకే కాడికి కట్టడంలో నాకు ఆశ్చర్యమేమీ కనపడదు.

కిషోర్_షటిల్
జనవరి 9, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, మరి షటిల్ కోర్టులో అవతలివాడు ఆరు మీటర్ల దూరంలో ఉంటాడు. అక్కడ కాక్ నెట్‌కి ఇవతల ఉందో అవతల ఉందో నాకు స్పష్టంగా తెలుస్తుందే. 0.6 డిగ్రీలతో ఎలా?

నిశాంత్_దృష్టిశాస్త్రం
జనవరి 9, సాయంత్రం 6:48

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఈ వస్తువు నా నుంచి ఎంత దూరంలో ఉంది అన్నది ఒకటి. ఇది దానికంటే ముందుందా, వెనకుందా, ఎంత వెనక అన్నది రెండోది. కిషోర్ కోర్టులో వాడేది ఎక్కువగా రెండోది. దానికి కళ్లు తిరిగిన కోణం కాదు ముఖ్యం, రెండు రెటీనాల (కంటి వెనక బొమ్మ పడే పొరల) మీద పడ్డ బొమ్మల మధ్య ఉన్న సన్నటి తేడా.

చేయి చాపి బొటనవేలు పైకెత్తి, ఎడమకన్ను ఒకసారి, కుడికన్ను ఒకసారి మూసి చూడండి. వెనక గోడ మీద వేలు పక్కకి గెంతుతుంది. ఆ గెంతే ఈ తేడా. ఇంగ్లండ్‌లో చార్లెస్ వీట్‌స్టన్ 1838లో రెండు అద్దాలతో స్టీరియోస్కోప్ చేసి, రెండు చదునైన గీతబొమ్మల్ని ఒక్కో కంటికి ఒక్కోటి చూపిస్తే లోతున్న ఒకే వస్తువులా కనపడుతుందని నిరూపించాడు. ఆ తర్వాత 1960లో బేలా యూలెష్ అనే శాస్త్రవేత్త ఇంకా ముందుకెళ్లి, అడ్డదిడ్డంగా చల్లిన చుక్కల బొమ్మల్ని వాడాడు. విడివిడిగా చూస్తే వాటిలో ఏ ఆకారమూ లేదు. రెండు కళ్లతో కలిపి చూస్తే నడుమనుంచి ఒక చతురస్రం పైకి తేలుతుంది. నీడ లేదు, అంచు లేదు, పరిచయమున్న వస్తువు కాదు, అయినా లోతు ఉంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఈ యంత్రాంగం సున్నితత్వం చూడండి. తేడాని 20 ఆర్క్ సెకన్ల వరకు పట్టగల మనిషికి, అంటే డిగ్రీలో 180వ వంతు, అర మీటరు దూరంలో అర మిల్లీమీటరు కంటే తక్కువ ఎత్తుపల్లం కూడా తెలుస్తుంది. ఆరు మీటర్ల దగ్గర అదే మనిషికి అయిదారు సెంటీమీటర్ల ముందువెనకలు తెలుస్తాయి. కిషోర్, నీ కాక్, నెట్ సంగతి అదీ.

మరి కళ్లు తిరిగిన కోణం ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, రెండు కళ్లూ ఒకే చోట వాలకపోతే బొమ్మలు మరీ దూరంగా పడతాయి. మెదడు కలపగలిగే పరిధి చాలా చిన్నది, చూపు మధ్యలో డిగ్రీలో చిన్న భాగమే. అది దాటితే రెండు బొమ్మలు కనపడతాయి, లేదా పసివాళ్లలో అయితే మెదడు ఒక కంటి బొమ్మని ఆపేస్తుంది. సుధారాణి గారూ, మీ బాబు మూత పెన్ను పక్కనుంచి పోవడానికి కారణం ఇక్కడుండొచ్చు. ఒక కన్ను 10 డిగ్రీలు తప్పితే తేడా కొలవడానికి రెండో బొమ్మే ఉండదు.

రెండోది నాకు ఇంకా ఇష్టమైంది. బొమ్మల తేడా ఒక్కటే తెలిస్తే లోతు తెలియదు. ఎందుకంటే ఒకే తేడాకి అర్థం, దూరం వర్గాన్నిబట్టి మారుతుంది. అర మీటరు దూరంలో సెంటీమీటరు లోతుకి ఎంత తేడా వస్తుందో, రెండు మీటర్ల దూరంలో సుమారు 16 సెంటీమీటర్ల లోతుకి అంతే తేడా వస్తుంది. దూరం నాలుగింతలు, లోతు పదహారింతలు. అంటే మెదడు ఆ తేడాని చదవాలంటే ముందు దూరం అటూఇటూగా అయినా తెలియాలి. దగ్గర్లో ఆ దూరాన్ని చెప్పే సాక్షుల్లో ముఖ్యమైంది కళ్ల కోణం, కాస్త సాయం ఫోకస్. కొలిచే టేపు బొమ్మల తేడా అయితే, ఆ టేపు మీద అంగుళాలా అడుగులా అని చెప్పేది కళ్ల వరుస.

వెంకట్రావు_58
జనవరి 9, రాత్రి 8:30

నా అనుభవం ఒకటి. నాకు 58 ఏళ్లు. చత్వారం వచ్చి పదిహేనేళ్లయింది. ఇప్పుడు నా లెన్స్ దగ్గరికీ దూరానికీ దాదాపు కదలదు, రీడింగ్ గ్లాసెస్ లేకపోతే పేపరు మసక. అయినా జోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించేస్తాను, మొదటిసారికే. ఒక కన్ను మూస్తే మాత్రం దారం సూది వెనకాల పోతుంది. అంటే దూరం తెలియడంలో ఫోకస్ వాటా చాలా తక్కువనేగా?

మధ్యలో ఒకసారి కాంటాక్ట్ లెన్సులు పెట్టించుకున్నాను, ఒక కంటికి దూరం పవర్, ఒక కంటికి దగ్గర పవర్. చదవడం, నడవడం రెండూ బాగానే ఉండేవి. మెట్లు దిగేటప్పుడు మాత్రం చివరి మెట్టు ఎక్కడుందో కాలికి తెలిసేది కాదు. నేల వచ్చేసిందనుకుంటే ఇంకో మెట్టు ఉండేది. రెండు నెలలు చూసి వదిలేశాను.

రవళి_ఆప్టోమ్
జనవరి 9, రాత్రి 9:02

వెంకట్రావు గారూ, మంచి ఉదాహరణ. పదేళ్ల పిల్లలకి పది డయాప్టర్ల పైనే ఉండే ఫోకస్ శక్తి అరవై దగ్గరికొచ్చేసరికి ఒకటికి పడిపోతుంది. దూరం కొలిచే పరికరం అదే అయ్యుంటే నలభై దాటినవాళ్లందరం తడుముకుంటూ నడవాలి. ఇక ఒక్కో కంటికి ఒక్కో పవర్ పెట్టినప్పుడు, ఎంత దూరంలో చూసినా ఒక బొమ్మ మసకగానే ఉంటుంది. మసక బొమ్మతో సన్నటి తేడా కొలవడం కష్టం. చాలామంది అలవాటు పడతారు, కొందరు పడలేరు.

వరలక్ష్మి_ఎం
జనవరి 10, ఉదయం 6:20

మాస్టారు డెకార్ట్ పేరు తెచ్చారు కాబట్టి అవతలి పక్షం కూడా చెప్పాలి. ఐరిష్ తత్వవేత్త బర్క్‌లీ 1709లో దీన్ని ఖండించాడు. చూసేటప్పుడు ఎవరూ గీతలూ కోణాలూ లెక్క కట్టరు, ఆ కోణాలు మన అనుభవంలోనే లేవు అన్నాడు. కన్ను తిప్పినప్పుడు కలిగే స్పర్శ, మరీ దగ్గరికి తెస్తే వచ్చే మసక, కంటికి కలిగే ఒత్తిడి... వీటికీ దూరానికీ ఉన్న సంబంధాన్ని పుట్టినప్పటినుంచి చేత్తో తాకి, నడిచి నేర్చుకుంటాం అన్నాడు. తర్వాత జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త వుంట్ 1862లో దారాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ పరీక్షించి, ఒక కంటితో ఫోకస్ మీదే ఆధారపడితే అంచనా చాలా బలహీనమనీ, రెండు కళ్లూ తిరిగితే మెరుగనీ చూపించాడు. వెంకట్రావు గారు సూదీదారంతో చెప్పింది అదే.

నిశాంత్_దృష్టిశాస్త్రం
జనవరి 10, ఉదయం 10:10

వరలక్ష్మి గారూ, ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు. పాల్ లింటన్ అనే పరిశోధకుడు 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో, మనిషికి తెలియకుండా కళ్ల కోణాన్ని మెల్లమెల్లగా మార్చాడు. బొమ్మ రెండుగా కనపడడం లాంటి ఆనవాళ్లు లేకుండా చేస్తే, కోణాన్నిబట్టి దూరం చెప్పే శక్తి చాలావరకు పోయింది. దాంతో కళ్ల కోణం అసలు దూరాన్ని చెప్తుందా అన్నది మళ్లీ మొదటికొచ్చింది. నేను నిన్న "ముఖ్యమైన సాక్షి" అన్నాను. చేతికందే దూరంలో ఆ మాట మీద ఇంకా నిలబడతాను, కానీ నా తోటివాళ్లలో అందరూ ఒప్పుకోరని మీకు తెలియాలి.

కళ్ల కోణం ఏదో చేస్తుందని చూపే చిన్న ప్రయోగం ఒకటి ఇంట్లోనే చేయొచ్చు. ఒకే డిజైన్ వరుసగా ఉన్న నేల టైల్స్ ముందు నిలబడి, నెమ్మదిగా కళ్లు దగ్గరికి తిప్పండి, పక్కపక్క డిజైన్లు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చునేదాకా. కుదిరితే ఏం కనపడిందో చెప్పండి.

కిషోర్_షటిల్
జనవరి 10, రాత్రి 9:45

నిశాంత్ గారూ, పావుగంట పట్టింది, కానీ కుదిరింది! మొదట అంతా రెండు రెండుగా కనపడింది. తర్వాత ఒక్కసారిగా డిజైన్లు ఒకదాని మీద ఒకటి వాలి, నేల మొత్తం నా మోకాళ్లదాకా పైకి లేచినట్టయింది. పువ్వులు కూడా చిన్నవైపోయాయి. తల కాస్త కదిపితే నేల నాతోపాటు ఊగింది. నేల అక్కడే ఉంది, కంట్లో పడ్డ బొమ్మ పరిమాణమూ మారలేదు కదా, మరి పువ్వు ఎందుకు చిన్నదైంది?

నిశాంత్_దృష్టిశాస్త్రం
జనవరి 10, రాత్రి 10:20

ఎందుకంటే మీ కళ్లు దగ్గరి వస్తువుని చూస్తున్న కోణంలో ఉన్నాయి. కంట్లో అంతే బొమ్మ పడి, వస్తువు దగ్గరగా ఉందంటే, అది చిన్న వస్తువే అయ్యుండాలి. మెదడు ఆ లెక్కే వేసింది. మీరు చూసింది ఆ లెక్క ఫలితం.

గాయత్రి_విఆర్
జనవరి 11, మధ్యాహ్నం 12:15

నేను విఆర్ హెడ్‌సెట్లకి, అంటే కళ్లకి పెట్టుకుని కృత్రిమ లోకాన్ని చూసే పరికరాలకి, సాఫ్ట్‌వేర్ రాస్తాను. రవళి గారు చెప్పిన కాడి మాకు రోజూ ఎదురయ్యే తలనొప్పి, నిజంగా తలనొప్పే. హెడ్‌సెట్‌లోని లెన్సులు స్క్రీన్‌ని ఒకే దూరంలో ఉన్నట్టు చూపిస్తాయి, చాలావాటిలో అది ఒకటి, రెండు మీటర్ల మధ్య. మేము ఒక సీతాకోకచిలుకని ముఖానికి 30 సెంటీమీటర్ల దగ్గర ఎగరేస్తే, కళ్లు 30 సెంటీమీటర్లకి తగ్గట్టు లోపలికి తిరగాలి. ఫోకస్ మాత్రం స్క్రీన్ దగ్గరే ఉండాలి, అక్కడే బొమ్మ స్పష్టం. పుట్టినప్పటినుంచి కలిసి నడిచిన రెండూ విడిపోవాలి. దృష్టి పరిశోధకుడు మార్టిన్ బ్యాంక్స్ బృందం 2008లో ఈ రెండింటినీ విడివిడిగా మార్చగలిగే తెర తయారుచేసి పరీక్షించింది. రెండూ పొంతన కుదరనప్పుడు లోతు గుర్తించడానికి ఎక్కువ సమయం పట్టింది, కంటి అలసట పెరిగింది. అందుకే మేము వస్తువుల్ని ముఖానికి మరీ దగ్గరగా ఎక్కువసేపు ఉంచం. సినిమా హాల్లో 3డీ అంత బాధించకపోవడానికి కారణం తెర దూరం. అంత దూరంలో ఫోకస్ తేడా డయాప్టర్లలో స్వల్పం.

అనిల్_కె
జనవరి 11, సాయంత్రం 4:40

అక్కా, పిల్లాడికి అంత చిన్న వయసులో కళ్లజోడెందుకు? కంటి వ్యాయామాలు చేయిస్తే పవర్ పోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. పెన్సిల్ ముక్కుదాకా తెచ్చి చూడమంటారు. అది చేయించండి, అద్దాలు అక్కర్లేదు.

రవళి_ఆప్టోమ్
జనవరి 11, సాయంత్రం 5:05

అనిల్ గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఈ బాబుకి ఆ సలహా హాని చేస్తుంది కాబట్టి గట్టిగానే చెప్తాను. పెన్సిల్ వ్యాయామం కళ్లు లోపలికి తిరగలేనివాళ్లకి. వాళ్ల ఇబ్బంది వేరు, చదువుతుంటే అక్షరాలు రెండవుతాయి, తలనొప్పి వస్తుంది. వాళ్లకి కూడా ఇంట్లో పెన్సిల్ ఒక్కటే చాలదని 2008లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు 221 మంది మీద 12 వారాలు చేసిన ఆ అధ్యయనంలో, క్లినిక్‌లో పద్ధతిగా చేయించిన శిక్షణే బాగా పనిచేసింది. మన బాబుకి కళ్లు ఇప్పటికే ఎక్కువగా లోపలికి తిరుగుతున్నాయి. వాడి చేత పెన్సిల్ ముక్కుదాకా చూపించడం అంటే పడిపోతున్నవాణ్ణి ఇంకా తోయడం. ప్లస్ 4.5 వ్యాయామంతో పోదు, అది కనుగుడ్డు పొడవుకి సంబంధించింది.

అనిల్_కె
జనవరి 11, సాయంత్రం 5:30

నాకు ఈ తేడా తెలియదండీ. అక్కా, నా మాట పట్టించుకోకండి.

శశి_జీవశాస్త్రం
జనవరి 12, ఉదయం 8:00

ఫోకస్‌తో దూరం కొలవలేమని మనుషుల సంగతి తేలింది కదా. ఊసరవెల్లి కొలుస్తుంది! దాని కళ్లు రెండూ విడివిడిగా తిరుగుతాయి, అయినా పురుగు దూరం అంచనా వేసి నాలుక విసురుతుంది. 1977లో దాని కళ్ల ముందు లెన్సులు పెట్టి చూస్తే, లెన్స్ పవర్‌కి తగ్గట్టు నాలుక తప్పు దూరానికి పోయింది. గెంతే సాలీడుది ఇంకా వింత. దాని రెటీనా పొరలు పొరలుగా ఉంటుంది. ఆకుపచ్చ వెలుగు ఒక పొర మీద స్పష్టంగా, ఇంకో పొర మీద మసకగా పడుతుంది. ఆ మసక ఎంతో చూసుకుని దూరం తెలుసుకుంటుందని 2012లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆకుపచ్చ లేని ఎర్ర వెలుగులో పెడితే అది ఈగని అందుకోలేక ముందే పడిపోయింది.

మాధవ్_ఎస్
జనవరి 12, రాత్రి 11:10

సుధారాణి గారూ, ఈ థ్రెడ్ మొదటి రోజు నుంచీ చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నాకు పుట్టిన ఏడాదిలోపే మెల్లకన్ను వచ్చింది. ఆపరేషన్ తొమ్మిదో ఏట జరిగింది. కళ్లు తిన్నగా అయ్యాయి, ఫోటోల్లో ఎవరూ కనిపెట్టలేరు. కానీ రెండు కళ్లూ కలిసి చూడడం రాలేదు. యూలెష్ చుక్కల బొమ్మ నాకు చుక్కల బొమ్మే. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద చేసిన పరిశోధనలకి 1981లో నోబెల్ వచ్చింది. రెండు కళ్లనుంచీ సమాచారం అందుకునే మెదడు కణాలు పసితనంలోనే స్థిరపడతాయని, ఆ వయసులో కళ్లు పొంతన లేకుండా ఉంటే అలాంటి కణాలు చాలావరకు మిగలవని అందులో తేలింది. నేను కాలేజీలో అది చదివిన రోజు రాత్రి నిద్రపోలేదు.

అయినా నేను బతుకుతున్నాను, బాగానే బతుకుతున్నాను. బండి నడుపుతాను. ఒకదానికి ఇంకోటి అడ్డు రావడం, దూరమైన కొద్దీ చిన్నవవడం, నీడలు, తల కదిపినప్పుడు దగ్గరివి వేగంగా జరగడం... లోతుకి ఒక్క కన్నుకే ఎన్నో ఆధారాలున్నాయి. గ్లాసులో నీళ్లు పోసేటప్పుడు మాత్రం చెంబు అంచుని గ్లాసు అంచుకి ఆనిస్తాను. అది తగిలిన చిన్న చప్పుడు వినపడ్డాకే వంచుతాను. నా భార్య పెళ్లయిన ఏడాదికి గానీ అది ఎందుకో అడగలేదు.

పెద్దయ్యాక ఎవరికీ రాదని కూడా అనలేం. అమెరికా న్యూరోబయాలజిస్ట్ సూసన్ బ్యారీకి పసితనం నుంచే మెల్లకన్ను. 48వ ఏట శిక్షణ తీసుకున్నాక ఒకరోజు కారులో కూర్చుంటే స్టీరింగ్ చక్రం డాష్‌బోర్డు నుంచి విడివడి ముందుకి తేలినట్టు కనపడిందట. కానీ అలాంటివాళ్లు అరుదు.

మీ బాబు సంగతి నాలాంటిది కాదు. వాడి కన్ను నాలుగేళ్లు దాటాక తిరిగింది. అంటే అంతకుముందు రెండు కళ్లూ కలిసి పనిచేసి ఉండే అవకాశముంది. మీరు రెండు నెలల్లోనే తీసుకెళ్లారు. జోడు తీయనివ్వకండి, ఏడ్చినా సరే.

సుధారాణి
జనవరి 12, రాత్రి 11:38

మాధవ్ గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. జోడు తీయనివ్వను.

రవళి_ఆప్టోమ్
జనవరి 13, ఉదయం 9:20

మాధవ్ గారూ, రాసినందుకు ధన్యవాదాలండీ.

పెద్దవాళ్లు తమ కళ్ల వరుసని తామే చూసుకోవడానికి ఒక పద్ధతి చెప్తాను. ఇది వైద్యం కాదు, చూసుకోవడానికే. రెండు మీటర్ల దారానికి మూడు రంగుల పూసలు ఎక్కించి, ఒక కొస తలుపు గడియకి కట్టి, ఇంకో కొస ముక్కుకి ఆనించి పట్టుకోండి. మధ్య పూసని చూడండి. రెండు కళ్లూ పనిచేస్తుంటే దారం ఒకటి కాదు, రెండు కనపడతాయి, సరిగ్గా ఆ పూస దగ్గర ఇంటూ గుర్తులా దాటుకుంటాయి. ముందు పూస రెండుగా, వెనక పూస రెండుగా కనపడాలి. చూపుని దగ్గరి పూసకి మారిస్తే ఆ దాటే చోటు దారం వెంబడి మీ వైపు జారుతూ వస్తుంది. కళ్లు ఎక్కడ కలుస్తున్నాయో మీకు మీరే చూస్తున్నారన్నమాట. ఒక్క దారమే కనపడితే ఒక కంటి బొమ్మని మెదడు ఆపేస్తోందని అర్థం. డాక్టర్‌కి చూపించుకోండి.

వెంకట్రావు_58
జనవరి 13, రాత్రి 7:50

చేశాను. దాటే చోటు పూసకి రెండంగుళాలు ఇవతల పడుతోంది. వచ్చే వారం పరీక్షకి వెళ్తున్నాను.

సుధారాణి
ఏప్రిల్ 21, రాత్రి 8:15

మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చాను. మీ అందరికీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఈ రోజు మూడో చెకప్. బాబు జోడు పొద్దున్నుంచి రాత్రిదాకా పెట్టుకుంటున్నాడు, మొదటి వారం ఏడ్చాడు, ఇప్పుడు లేవగానే తనే వెతుక్కుంటాడు. దూరం చూసినా దగ్గర చూసినా కళ్లు తిన్నగా ఉన్నాయన్నారు. రవళి గారు చెప్పినట్టే, జోడు తీస్తే మునుపటికంటే ఎక్కువ తిరుగుతోంది. ముందే తెలుసు కాబట్టి భయపడలేదు.

తర్వాత వాడి జోడు మీద ఇంకో నల్లద్దాల జోడు పెట్టి, ఒక పెద్ద ఈగ బొమ్మ ఉన్న పుస్తకం ముందు పెట్టారు. జనవరిలో ఇదే బొమ్మ చూపించి, రెక్కలు పట్టుకోమంటే వాడు వేలిని కాగితం మీద ఆనించి గీకాడు. ఈ రోజు డాక్టర్ మళ్లీ పట్టుకోమన్నారు. వాడు చేయి ముందుకి చాపి, ఆపేశాడు. నా వైపు చూశాడు. మళ్లీ చూసి, బొటనవేలూ చూపుడువేలూ కాగితానికి బెత్తెడు పైన, గాల్లో దగ్గరికి తెచ్చాడు. ఏమీ దొరకలేదు. ఇంకోసారి పట్టుకోబోయాడు. "అమ్మా, ఇది పైకొచ్చింది" అన్నాడు.

చిన్న వలయాల పరీక్షలో ఇంకా మూడే గుర్తుపట్టాడు. సన్నటి లోతు రావడానికి టైం పడుతుందన్నారు. ఇంటికొచ్చాక స్కెచ్ పెన్నుల డబ్బా తీసి కూర్చున్నాడు. పన్నెండు మూతలున్నాయి, ఎనిమిదో దాని దగ్గర ఉన్నాడు.